గృహిణీగోష్ఠి: నది యెచటికి బోయినది?



గతమాసమున ఈ పుటలలో మేము పెరటిబావులను గూర్చియు, వాని నీటిని శుభ్రముగా నుంచుకొను విధమును గూర్చియు ముచ్చటించితిమి. ఈ మాసమునను నీటిమాటయే చెప్పవలసి వచ్చినది. అందులకు మా పొరుగింటి అత్తయ్యగారు కారణము.

అత్తయ్యగారు డెబ్బదియేండ్లు నిండిన పెద్ద ముత్తైదువ. తమ మామయ్యగారితోడను, కుమారునితోడను ఈ యేడు ఆశ్వయుజమాసమున బదరీనారాయణుని దర్శించి వచ్చిరి. మేము గంగాజలము పుచ్చుకొనుటకై వారి యింటికి బోయితిమి. కుశలప్రశ్నలైన పిమ్మట వారు మమ్ము చాపపై కూర్చుండబెట్టుకొని, "అమ్మాయీ! నీవు పురాణములు చదివినదానవు. నాకొక సందేహము తీర్పవలెను. జోషీమఠము దాటి విష్ణుప్రయాగకు పైగా పోవునపుడు లోయలో చాలదూరము బండలే కాని నీరు కానరాలేదు. నడుమ సన్నని పాయ యొక్కటి. ఇంకను పైకి బోగా బదరిలో అలకనంద హోరున పాఱుచున్నది. పైన నున్న నది క్రింద లేకపోవుట యేమి? అది నడుమ ఎచటికి బోయినది?" అని యడిగిరి.

మాకు వెంటనే జహ్నుమహర్షి కథ జ్ఞప్తికి వచ్చినది. భగీరథుని వెంట పాఱుచు వచ్చిన గంగ తన యజ్ఞవాటికను ముంచగా ఆయన కోపించి నదినంతయు త్రాగివైచెననియు, దేవతలు ప్రార్థింపగా చెవినుండి మరల విడిచెననియు, అందువలన గంగకు జాహ్నవి యను పేరు కలిగెననియు మనము బాల్యమునుండి వినుచున్నాము. మేమీ కథ చెప్పగా అత్తయ్యగారు నవ్వి, "అది నాకును తెలియును. ఈ కాలపు జహ్నువెవరో చెప్పుము" అనిరి. ఆ ప్రశ్నకు మేమా పూట చక్కని సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి మావారి నడిగియు, దొరకిన పుస్తకములు చదివియు తెలిసికొన్నదానిని వారికిని, మీకును ఇచట నివేదించుచున్నాము.

బదరినుండి దిగివచ్చు త్రోవలో లాంబగడ్ అను గ్రామము గలదు. అచట అలకనందకు అడ్డకట్ట వేసి, నీటిని కొండలో తొలిచిన సుమారు 11 కిలోమీటర్ల సొరంగములోనికి మళ్లించిరి. ఆ నీరు విష్ణుప్రయాగ ప్రాంతమున కొండగర్భములోని యంత్రశాలకు జారి, అచట చక్రములను త్రిప్పి, మరల నదిలో కలియును. 2006లో పనిచేయ మొదలిడిన ఈ కేంద్రము శక్తి 400 మెగావాట్లు. మన ఇస్త్రీపెట్టె యొకటి ఇంచుమించు 1,000 వాట్లు పుచ్చుకొనును. ఒక మెగావాటనగా అట్టి పెట్టెలు వేయింటిని ఒక్కమారు వేడిచేయు శక్తి. 400 మెగావాట్లనగా నాలుగులక్షల పెట్టెలను. కావున అత్తయ్యగారు చూచిన బండల నడుమ నుండవలసిన నది, వారి బండి పోవు బాటప్రక్కనే కొండలోపల చీకటిలో పోవుచుండెనన్నమాట.

ఇట్టి కేంద్రములను ప్రవాహాధార జలవిద్యుత్కేంద్రములందురు. మావారు పాఠశాలలో పిల్లలకు చెప్పు తీరుననే మాకును చెప్పిరి. మేడమీది తొట్టినుండి వచ్చు నీరు, పై యంతస్తులోని కుళాయిలో మెల్లగాను, క్రింది యంతస్తులోని కుళాయిలో వేగముగాను పడుటను మనము నిత్యము చూచుచున్నాము. నీరు ఎంత యెత్తునుండి దిగునో, ఎంత పరిమాణమున దిగునో దానినిబట్టి బలము కలుగును. భాగీరథిపై టిహరీలో కట్టినట్లు 260 మీటర్ల ఆనకట్ట కట్టి నీటిని సముద్రమువలె నిలువచేయుట ఒక పద్ధతి. దానివలన పాత టిహరీ పట్టణమే మునిగిపోయినది. రెండవ పద్ధతిలో పెద్ద జలాశయ ముండదు. నది సహజముగా దిగు కొండవాలునే వాడుకొనుటకై, పైన చిన్న అడ్డకట్టతో నీటిని ప్రక్కకు మళ్లించి, సొరంగముగుండ దాదాపు సమమట్టముననే నడిపించి, చివర ఒక్కసారి గొట్టములలో క్రిందికి దింపుదురు. ఊళ్లు మునుగవు, నీరు ఖర్చుకాదు, తీసికొన్నదానిని తీసికొన్నట్లే మరల నదికి అప్పగింతుము అని యిందు చెప్పుమాట.

ఆ మాట అబద్ధము కాదు. కాని అందు చెప్పని దొకటి గలదు. నీటిని తీసికొన్నచోటికిని, ఇచ్చినచోటికిని నడుమ పది పండ్రెండు కిలోమీటర్ల దూర ముండును. ఆ నడిమి నది గతి యేమి? ఇరుగమ్మ మన యింట ఉదయము రోలు ఎరువు తీసికొని సాయంకాలము చెక్కుచెదరకుండ తెచ్చియిచ్చిన, రోలు పోలేదనుట నిజమే. అయినను ఆ పగలు మన యింట పచ్చడి నూరుట యెట్లు? పైగా చలికాలమున మంచు కరగక నది సహజముగనే సన్నగిల్లును. ఆ దినములలో మళ్లింపు పోగా మిగులునది మఱియు స్వల్పము. దీపములు పెట్టు వేళకు విద్యుత్తు గిరాకి హెచ్చు గనుక, కొన్ని కేంద్రములలో పగటినీటిని కొన్నిగంటలపాటు అడ్డకట్టవెనుక నాపి సాయంకాలము ఒక్కమారు విడుతురు. యంత్రశాలకు క్రింద రేవులో బట్ట లుతుకువారికి నది పగలొక తీరునను, రాత్రి యొక తీరునను ఉండును.

గఢ్వాలుసీమలో ప్రవాహాధారయంత్రము క్రొత్తది కాదు. అచటి వాగులమీద ఘరాటులని పిలువబడు నీటితిరుగళ్లు తరతరములనుండి యున్నవి. వాగునుండి పిల్లకాలువ తీసి, ఒక దొనెగుండ నీటిని చెక్కచక్రముపై పడనిత్తురు. పైన తిరుగలిరాయి తిరిగి గోధుమలు, మండువా యను చోళ్లు పిండియగును. ఆ నీరు నాలుగడుగులలో మరల వాగుజేరి, క్రింది ఘరాటునకు పనికివచ్చును. ఊరి స్త్రీలు గింజలు తెచ్చి, పిండి మోసికొనిపోవుదురు. సూత్ర మదే, కొలత మాత్రము మారినది. నాలుగడుగులు పదికిలోమీటర్లైనపుడు కొలతతోపాటు ధర్మమును మరల విచారింపవలసి యున్నది.

మే మిచట విద్యుత్తునకు శత్రువులమై మాటాడుట లేదని సోదరీమణులు గ్రహింపవలెను. కిరసనాయిలు బుడ్డివెలుతురున చదివి కండ్లు చెడగొట్టుకొన్న మా తల్లులతరమును మేమెఱుగుదుము. మోట తోడక, రుబ్బురోలు త్రిప్పక నేటి గృహిణికి దొరకిన తీరిక యంతయు విద్యుత్తు పెట్టిన భిక్షయే. బొగ్గు కాల్చి తీయు విద్యుత్తువలన కలుగు పొగను, తాపమును చూడగా నీటివిద్యుత్తు మేలనువారి మాటలో సత్యము గలదు. కొండరాష్ట్రములకు కేంద్రములనుండి నూటికి 12 వంతుల విద్యుత్తు ఉచితముగా వచ్చు నేర్పాటును గలదు. బీదరాష్ట్రమునకు అది చిన్న ఆదాయము కాదు. కావున వలదనుట సులభమైన మాట కాదు. మే మడుగునది లెక్క. ఇంటిపద్దు వ్రాయు ఇల్లాలు జమ మాత్రము వ్రాసి ఖర్చు వ్రాయకున్న, నెలాఖరున కొఱత వచ్చినపుడు ఎవరి ముఖము చూడవలెను?

ఆ ఖర్చు ఎవరి పద్దులో పడునో చూడుడు. గఢ్వాలులో పురుషులు పెక్కుమంది సైన్యములోను, మైదానపు పట్టణములలోను ఉద్యోగములకు పోవుదురు. ఇంటికడ పొలము, పశువు, పొయ్యి మూడును స్త్రీలవే. గడ్డి కోయువారు వారే, కట్టె తెచ్చువారు వారే, కొండచఱియనుండి వచ్చు ధారకడ బిందె పట్టువారు వారే. సొరంగము త్రవ్వునపుడు ప్రేల్చు మందుపాతఱలకు కొండ అదరి, లోపలి నీటిబాట మారినచో, ఆ ధార యెండును. అంతట ప్రక్కకొండదాక నడువవలసినది ఇల్లాలు. త్రవ్విన రాయిరప్పలను పోయుటకు చోటు కావలెను. ఆ చోటు తఱచుగా పశువులు మేయు బీడగును. అపుడు దూరపు గట్టెక్కి గడ్డి తేవలసినదియు ఇల్లాలే. ఈ నడకలు ఏ యంచనాపత్రములోను రూపాయలుగా కానరావు.

ఇది ఊహ కాదు. విష్ణుప్రయాగకడ అలకనందలో కలియు ధౌళిగంగమీద తపోవనము అనుచోట 520 మెగావాట్ల మఱియొక కేంద్రమును తలపెట్టి సుమారు 12 కిలోమీటర్ల సొరంగము త్రవ్వసాగిరి. 2009 డిసెంబరు 24న త్రవ్వుయంత్రము జోషీమఠము సమీపమున కొండలోపలి జలనిధి నొకదానిని ఛేదించినది. దినమునకు ఆరుకోట్లనుండి ఏడుకోట్ల లీటర్ల నీరు సొరంగములోనికి పొంగినదని శాస్త్రజ్ఞులు మఱుసటియేడు ప్రకటించిరి. అంతటి నీరు లక్షలమంది దినవాడుకకు చాలును. వేలయేండ్లుగా కొండ తన కడుపున దాచుకొన్నది అట్లు పోయినది. 2023 జనవరిలో జోషీమఠపు ఇండ్లు బీటలువాఱి, ఎనిమిదివందలకుపైగా గృహములు పాడైనపుడు, పట్టణవాసులు ఈ సొరంగమునే తప్పుపట్టిరి. కట్టువారు తమ సొరంగము ఊరిక్రిందుగా పోదనియు, తమకు సంబంధము లేదనియు చెప్పిరి. ఆ పట్టణము పాతకాలపు కొండచఱియల విఱుగుడుమీద నున్నదనియు, అచట బరువుకట్టడములును, ప్రేల్పులును కూడవనియు 1976లోనే ప్రభుత్వమువారి సంఘ మొకటి హెచ్చరించి యుండెను. తగవు తీర్చుట మా పని కాదు. 1976లో చెప్పినమాట 2006లో పని ప్రారంభించునాటికి ఎవరికిని వినబడకపోయినదని మాత్రము చెప్పుదుము.

జోషీమఠమునకు క్రింద హేలంగు గ్రామముకడ 444 మెగావాట్ల వేఱొక కేంద్రమునకు అలకనందపై పని జరుగుచుండెను. 2022 జూలై 15న అచట గడ్డిమోపులు నెత్తిన పెట్టుకొని వచ్చుచున్న స్త్రీలను పోలీసులును, కేంద్రపు కావలివారును అడ్డగించి, మోపులు లాగుకొని, బండిలో నెక్కించుకొనిపోయి కొన్నిగంటలు నిర్బంధించిరి. సొరంగపు మట్టి పోయుటకు ఇచ్చిన బీడులో వారు గడ్డి కోసిరన్నది తగవునకు మూలము. ఆ దృశ్యము చిత్రముగా దేశమంతట ప్రాకినది. చూచినవారి కందఱకును గడ్డిమోపు కనబడినది. మాకు మాత్రము ఆ సాయంకాలము పితుకువేళ పాకలో ఖాళీ గాడివద్ద నిలుచున్న పశువు కనబడినది.

ఇపుడు మీకొక పుణ్యస్త్రీ కథ చెప్పెదము. ధౌళిగంగ లోయలో తపోవనమునకు పైన రేణి, లాతా అను రెండు గ్రామములు గలవు. 1925లో లాతాలో గౌరాదేవి యను బాలిక జన్మించెను. రేణి ఆమెకు మెట్టినిల్లు. చిన్ననాటనే భర్త పోగా, పసిబిడ్డను, పొలమును చూచుకొనుచు ఊరి మహిళామండలికి పెద్దయయ్యెను. 1974లో రేణి యడవిలోని రెండువేలకుపైగా వృక్షములను ప్రభుత్వము వేలమువేసినది. మార్చి 26న, వెనుక సైన్యమునకై తీసికొన్న భూముల పరిహారము పుచ్చుకొనుటకని పురుషులందఱును చమోలీకి పోయియున్న వేళ, కూలీలు గొడ్డండ్లతో అడవిదారి పట్టిరి. ఒక బాలిక చూచి పరుగున వచ్చి చెప్పెను. గౌరాదేవి ఇరువదియాఱుగురు స్త్రీలను, బాలికలను వెంటబెట్టుకొని పోయి అడ్డు నిలిచెను. తుపాకి చూపినను తొలగలేదు. రాత్రియంతయు కావలికాచిరి. ఆ యడవి తమకు పుట్టినిల్లని ఆమె చెప్పినట్లు ప్రసిద్ధి. కూలీలు మఱలిపోయిరి. పిదప ప్రభుత్వము విచారణసంఘమును వేసి, ఆ ఋషిగంగా పరీవాహమున పదియేండ్లు చెట్లు కొట్టుట మాన్పించినది. చెట్లను కౌగిలించుకొను చిప్కో ఉద్యమమున రేణిపేరు అట్లు నిలిచినది. గౌరాదేవి 1991లో స్వర్గస్థురాలైనది.

చెట్లను కాపాడుకొన్న రేణికి నదివైపునుండి ఆపద వచ్చినది. ఊరిక్రింద, ఋషిగంగ ధౌళిగంగలో కలియుచోటికి చేరువలో 13.2 మెగావాట్ల చిన్న ప్రవాహాధారకేంద్రము వెలసినది. ప్రేల్పులవలన తమ యిండ్లు బీటలువాఱుచున్నవనియు, రాతిపొడి నదిలో పోయుచున్నారనియు గ్రామస్థులు 2019లో ఉన్నతన్యాయస్థానమున మొఱవెట్టుకొనిరి. 2006నాటి నియమము ప్రకారము 25 మెగావాట్లకు తక్కువైన జలవిద్యుత్కేంద్రమునకు ముందుగా ప్రజాభిప్రాయసభ జరుపనక్కఱలేదు. మెగావాట్లు తక్కువైనంత మాత్రమున ప్రేల్పులు మెత్తగానుండవు గదా!

2021 ఫిబ్రవరి 7, ఆదివారము. ఉదయము పదిగంటలు దాటిన కొంతసేపటికి, రేణికి పైని రోంటీశిఖరమునుండి ఇంచుమించు 2.7 కోట్ల ఘనమీటర్ల రాయియు, మంచును విఱిగిపడినవి. పడుచుండగనే రాపిడికి మంచు కరగి, బురదవఱదయై ఋషిగంగలోయనుండి దూకినది. చిన్నకేంద్రము ఆనవాలు లేకుండ పోయినది. తపోవనముకడి అడ్డకట్ట పూడిపోయినది; సొరంగములలో బురద క్రమ్మినది. పై గట్టులనుండి వఱదను చూచిన గ్రామస్థులు క్రిందివారిని హెచ్చరింప కేకలు వేసిరి గాని, అంతకు మించిన హెచ్చరిక యేదియు నచట లేకుండెను. ఒక చిన్న సొరంగమునుండి పండ్రెండుగురు ఆనాడే బ్రతికి బయటపడిరి. మొత్తము రెండువందలమందికిపైగా మరణించిరి, లేక జాడతెలియకపోయిరి. వారిలో పెక్కుమంది దూరదేశములనుండి కూలికి వచ్చినవారు. వారి యిండ్లలోను మనవంటి యాడువారు పొయ్యి వెలిగించి మగనికై యెదురుచూచుచునే యుండిరి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ కొండను కేంద్రము పడగొట్టలేదు. అంత యెత్తున మంచును, రాయియు విఱుగుట పర్వతస్వభావము. కాని ఆ విఱుగుడు పాఱు బాటలోనికి వందలమంది కూలీలను దింపినది, వారికి గంట యొకటి కట్టకపోయినది మనుష్యులే. ఆ యేడు జూన్ వానలకు రేణి నేల జారుచుండగా, ఊరి వాకిట నిలిపిన గౌరాదేవి విగ్రహమును సయితము ఎత్తి జోషీమఠమునకు తరలించిరి. ఆ జూలైలో అచటివారు కొందఱు ఈ కేంద్రముల అనుమతులు రద్దుచేయవలెనని ఉన్నతన్యాయస్థానమున అర్జీపెట్టగా, న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, అర్జీదారులు ఒక్కొక్కరు 10,000 రూపాయలు చెల్లింపవలెనని యాజ్ఞాపించినది. పుట్టినిల్లని కాపాడిన యూరనుండి ఆమె శిలారూపమునకే వలసపోవలసి వచ్చినది!

ఇంతవఱకు చెప్పినది మెట్టినింటి కథ. పుట్టినిల్లగు లాతా సంగతి యేమి? అచటను ధౌళిగంగను మళ్లించి తపోవనపుదిశగా దింపి 171 మెగావాట్లు తీయవలెనను యోజన పూర్వమే సిద్ధమైయున్నది. 2013 జూన్‌లో కేదారప్రాంతమున వచ్చిన మహాప్రళయానంతరము సుప్రీముకోర్టువారు, ఆ యేడు ఆగస్టు 13న, ఇట్టి కేంద్రములు ఆపదను ఎంత హెచ్చించెనో విచారింప నిపుణసంఘమును నియమింపుమనిరి. ఆ సంఘము 2014లో తాను పరిశీలించిన 24 యోజనలలో 23 విడువదగినవని చెప్పినది. ఆ 24 యోజనలను కోర్టువారు 2014 మేలో నిలిపివేసిరి. లాతా–తపోవనము వానిలో నొకటి. నాటినుండి కట్టనిండనువారును, వలదనువారును న్యాయస్థానములచుట్టును, సంఘములచుట్టును తిరుగుచు వచ్చిరి. 2021 వఱద వచ్చిననాడు లాతా యోజన కట్టియుండినచో, ఆ కొండలలో ఇంకెందఱు కూలీలు పనిలో నుండెడివారో మేము లెక్కింపజాలము. ఆగుటవలన ఏమి మిగిలినదో చెప్పుట కష్టము గాని, కొన్ని గృహములు మిగిలినవని చెప్పవచ్చును.

కావుననే మేమీ మాసమున ఈ విషయము నెత్తుకొంటిమి. యోజన కాగితముమీద నున్నపుడు అడిగినమాటకును, సొరంగము త్రవ్విన పిదప అడిగినమాటకును చాల యంతరము గలదు. పిల్లనిచ్చునపుడు మనము ముందుగానే అన్ని విచారణలును చేయుదుము. తాళిగట్టిన తరువాత విచారించినది విచారణ యనిపించుకొనదు, విచారమనిపించుకొనును. ఏ కొండలోనైనను ఇట్టి యోజన వచ్చినపుడు, ఏ శాస్త్రమును చదువని గృహిణియైనను అడుగదగిన ప్రశ్నలు కొన్ని మాకు తోచినవి.

మొదటిది: నీరు తీసికొను చోటికిని, విడుచు చోటికిని నడుమ నెన్ని యూళ్లు గలవు? మాఘమాసమున ఆ నడుమ ఎంత నీరు మిగులును? గంగ యెగువభాగమునకు 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము చేసిన నియమమున, చలికాలమున సగటుప్రవాహములో నూటికి 20 వంతులును, వానకాలమున 30 వంతులును వదలవలెనని యున్నది. అది చాలునా యని నదియొడ్డువారిని అడుగవలెను.

రెండవది: సొరంగపుదారికి ఇరువైపుల నున్న ధారలను, చెలమలను పని మొదలుపెట్టకముందు లెక్కించి వ్రాసికొనిరా? ముందు వ్రాయని ధార తరువాత ఎండినచో, అది యున్నట్లు ఋజువుచేయవలసిన భారము బిందె మోయు స్త్రీపై పడును.

మూడవది: త్రవ్విన రాయి యెచట పోయుదురు? అది యెవరి గడ్డిబీడు? ఊరిసభలో అందులకు ఒప్పుకొన్నవారిలో గడ్డి కోయువారు ఎందఱు?

నాలుగవది: పైనుండి వఱద వచ్చినచో కూలీలకు ఎవరు, ఎట్లు, ఎన్ని నిమిషములు ముందుగా చెప్పుదురు?

అయిదవది: ప్రజాభిప్రాయసభ ఏ వేళ పెట్టిరి? సంపూర్ణ నివేదిక ఏ భాషలో నున్నది? పాలు పితుకువేళకు సభపెట్టి, ఇంగ్లీషున వందలపుటలు వ్రాసి, స్త్రీ లెవరును ఆక్షేపణ చెప్పలేదనుట పొసగదు.

"కొండలవారి బాధ మనకేల?" అని కొందఱు సోదరీమణు లనవచ్చును. 2013 డిసెంబరు 31న దక్షిణదేశపు విద్యుద్వ్యవస్థ తక్కిన దేశపు వ్యవస్థతో కలిసినది. నాటినుండి ఉత్తరమున పుట్టిన శక్తియు, ఇచట పుట్టిన శక్తియు ఒక్క మడుగులో కలిసినట్లే. మన దీపములో అలకనంద పాలెంత యని విడదీసి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. లేదనుటయు సాధ్యము కాదు. అదిగాక, 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ కేంద్రమువలన మన తెలుగుదేశపు పట్టణములలో దీపములు వెలిగినపుడు, జలాపుట్ జలాశయమున ఊళ్లు కోల్పోయిన కొండవారి స్త్రీలు ఎందు బోయిరో మన తల్లులు విచారించినట్లు మేము వినలేదు. ఆ తప్పు మరల చేయనక్కఱలేదు.

ఇదంతయు అత్తయ్యగారికి మేము రెండు సాయంకాలములు చదివి వినిపించితిమి. వారు కొంతసేపు మాటాడక, "జహ్నువు త్రాగినపుడు భగీరథుడు ఎదుటనే నిలిచి అడిగినాడు. అడుగువాడు లేకున్న ఆ మహర్షి విడుచునా?" అనిరి. పిమ్మట లేచి, ఎవరును లేని నడవలో వెలుగుచున్న దీపము నార్పి వచ్చిరి. మేమును ఆ రాత్రి మా యింట అట్లే చేసితిమి. దీప మొక్కటి ఆర్పినంత మాత్రమున నది వెనుకకు రాదని యెఱుగుదుము. అయినను ఖర్చు లెక్కవ్రాయుట మొదలిడిన ఇల్లాలికి దుబారా తానై కంటబడును.

మీలో ఎవరైనను ఆ త్రోవను యాత్ర చేసినవారుగాని, నదిప్రక్కనో, సొరంగముప్రక్కనో కాపురమున్నవారుగాని యున్నచో, మీరు చూచినదానిని మాకు వ్రాయ ప్రార్థితులు. వచ్చు మాసమున చలికాలపు పసిపిల్లల దగ్గునకు ఇంటివైద్యమును గూర్చి ముచ్చటింతుము.